తాళం వేసిన గదిలో అత్తగారి గొంతు

"దొంగ ఈ ఇంట్లోనే ఉంది. నా ఎదురుగానే నిలబడి ఉంది."

ఈ మాటలు పెద్దావిడ పలక మీద రాస్తే, పైకి చదివి వినిపించింది ఆవిడ కోడలు. ఆ సమయానికి పెద్దావిడ ఎదురుగా నిలబడి ఉన్నది ఆ కోడలొక్కతే. చదవడం అయ్యాక వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని ఒకసారి తిరిగి చూసుకుంది. ఎవరూ లేరు.

"అంటే నన్నే అంటున్నారండీ అత్తగారు," అంది నాతో, పక్కవీధికి దారి చెబుతున్నంత మామూలుగా.

డిటెక్టివ్‌గా నేను చాలామంది ముద్దాయిల్ని చూశాను. ఏడ్చినవాళ్ళున్నారు, నన్ను తిట్టినవాళ్ళున్నారు, కిటికీలోంచి దూకినవాళ్ళూ ఉన్నారు. తన మీద ఫిర్యాదును తానే ఒత్తులతో సహా చదివి వినిపించిన ముద్దాయిని చూడడం మాత్రం ఇదే మొదలు. పాపం, చదవక ఏం చేస్తుంది? పెద్దావిడ రాత ఈ భూప్రపంచంలో ఆ కోడలికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. కన్నకొడుకు కూడా చేతులెత్తేశాడు. నేను పలకను అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. కోళ్ళు కెలికినట్టుంది తప్ప ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను.

అసలు సంగతి ఇది. పెద్దావిడ గొంతులో కణితి ఉంది. రేపు పొద్దున ఆపరేషన్. ఆ తర్వాత గొంతు వస్తుందో రాదో చెప్పలేనని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. ఆవిడ కంటతడి పెట్టలేదు. ఇంటికొచ్చి, తన గదిలో ఉన్న పాత కంప్యూటర్‌కి మైకు తగిలించుకుని, తలుపేసుకుని, రోజూ తన మాటలు రికార్డు చేసి దాచుకోవడం మొదలుపెట్టింది. ఏం మాటలో ఎవరికీ చెప్పలేదు. మొన్న బుధవారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే ఒక్క మాట లేదు. డెస్క్‌టాప్ మీద బొమ్మతో సహా అంతా ఊడ్చిపెట్టుకుపోయింది. ఆవిడ కంగారుపడి, ఉన్న గొంతంతా పెట్టి సాయంత్రం దాకా మళ్ళీ కొన్ని చెప్పి దాచింది. కంప్యూటర్ ఆపి, గదికి తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకుంది. గురువారం పొద్దున చూస్తే అవీ మాయం. గొంతు మాత్రం వాచి కూర్చుంది. డాక్టరు ఒంటికాలి మీద లేచి, ఆపరేషన్ దాకా ఒక్క మాట మాట్లాడినా నా గడప తొక్కవద్దన్నాడు. అందుకని పలక.

నాలుగింటికి ఆస్పత్రికి కారు వస్తుంది. ఈలోపు పోయిన మాటలు దొరక్కపోతే, డాక్టరు కాదు, వాళ్ళ తాత వచ్చి చెప్పినా వినేది లేదనీ, మైకు ముందు కూర్చుని అన్నీ మొదటినుంచి మళ్ళీ చెబుతాననీ పెద్దావిడ భీష్మించుకుంది. అదే జరిగితే ఆపరేషన్ దాకా అక్కర్లేదు, ఆ గొంతు ఇక్కడే పోతుంది. నేను వెళ్ళేసరికే పన్నెండు దాటింది.

"నువ్వు ఆ కంప్యూటర్ వాడతావా అమ్మాయ్?" అని కోడలిని అడిగాను.

"వాడతానండీ. ఇంట్లో ఉన్నది అదొక్కటే కదా. మా ఆయన, నేను, అత్తగారు... ముగ్గురికీ విడివిడిగా ఉన్నాయండీ. ఎవరి పాస్‌వర్డు వాళ్ళది."

"అత్తగారి పాస్‌వర్డు నీకు తెలుసా?"

"తెలీదండీ."

బలపం కిర్రుమంది. కోడలు వంగి చూసి, "‘అబద్ధం’ అంటున్నారండీ," అంది.

"చివరిసారి ఎప్పుడు కూర్చున్నావు దాని ముందు?"

"మంగళవారం సాయంత్రమండీ. మా అమ్మ వచ్చింది. ఫోటోలు కావాలంటే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను."

బలపం ఈసారి గట్టిగా కిర్రుమంది. ముక్క విరిగి నా చెప్పు మీద పడింది. "‘వాళ్ళమ్మ వచ్చి వెళ్ళిన మర్నాడే పోయాయి, రాసుకో’ అంటున్నారండీ అత్తగారు," అని చదివి, నేను పెన్ను తీయకపోయేసరికి, "రాసుకోండి మరి," అని నన్నే తొందరపెట్టింది. నోరు మూసుకుని రాసుకున్నాను.

"నీకు మీ అత్తగారంటే కోపమా?"

"వస్తుందండీ కోపం. రాకుండా ఎలా ఉంటుంది? వచ్చినప్పుడల్లా వంటింట్లోకెళ్ళి గిన్నెలు తోముతాను. మా ఇంట్లో గిన్నెలు ఎప్పుడూ తళతళలాడుతూ ఉంటాయి."

"ఆవిడ ఏం రికార్డు చేస్తోందో నీకేమైనా వినబడిందా?"

"తలుపు అవతల నుంచి అప్పుడప్పుడు ‘ఏమే అమ్మాయ్’ అని వినిపించేదండీ. పిలిచారేమోనని పరిగెత్తుకెళ్ళి తలుపు కొడితే, ‘నిన్ను కాదు, ఫో’ అనేవారు. ఈ ఇంట్లో నేను కాక ఇంకో అమ్మాయెవరండీ? నా మీద చాడీలు చెప్పి దాస్తున్నారనుకున్నాను."

"అనుకుని ఏం చేశావు?"

"ఇంకో నాలుగు గిన్నెలు తోమాను."

అవకాశం ఉంది, కోపం ఉంది, మాటలు పోవడానికి ముందురోజే ఆ కుర్చీలో కూర్చుంది. ఏ కోర్టుకైనా ఇది చాలు. అయినా నాకు మనసొప్పలేదు. తనమీద రాసినదాన్ని ఒక్క మాట మింగకుండా చదివే మనిషి దొంగతనంగా ఏదో చెరిపిందంటే ఎలా నమ్మను? ముందు గది చూద్దామని లేచాను, అత్తాకోడళ్ళు నా వెనకే వచ్చారు.

గదిలో కంప్యూటర్ ముందు కుర్చీలో నాకంటే ముందే ఒక మనిషి కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. చూడగానే ఒళ్ళు మండిపోయింది. సాక్షాత్తూ నా మరిది! మా ఆయన తమ్ముడు. నాలుగు వీధుల అవతల కంప్యూటర్ల రిపేరు షాపు నడుపుతాడు. అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు, ‘ఫార్మాట్’ అనే పిలుస్తారు. మీట పనిచేయడం లేదన్నా, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందన్నా, అతను చెప్పే మందు ఒకటే: ఉన్నదంతా తుడిచేసి మొదటినుంచి ఎక్కించడం.

"వదినా! మీరా?" అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "కంప్యూటర్‌కి డిటెక్టివ్ ఏమిటి వదినా? ఇదేమైనా ఎవరితోనైనా లేచిపోయిందా?"

"నిన్నెవరు పిలిచారు?"

"నేనేనండీ," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కొడుకు. మనిషి పొడుగు, మాట పొట్టి. తల్లి కంటపడినప్పుడల్లా ఇంకో అంగుళం తగ్గుతున్నాడు. "అమ్మ మిమ్మల్ని పిలవమంది, పిలిచాను. కారొచ్చే టైమవుతోంది కదా అని ఈయన్ని కూడా... ఎవరో ఒకరు తేలుస్తారని..."

"నేను తేల్చేశాను," అన్నాడు మరిది. "దొంగా లేదు, దొరా లేదు. ఆవిడ ప్రొఫైల్, అంటే ఇందులో ఆవిడకున్న గది, పాడైపోయింది. ముసలి కంప్యూటర్ కదా. ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కిస్తే గంటలో కొత్తదాన్లా లేచి కూర్చుంటుంది."

"మరి ఆవిడ మాటలు?"

"ఉంటే కదా వదినా పోవడానికి!"

పెద్దావిడ ముఖం తెల్లబోయింది. ఆవిడ చెయ్యి మైకు వైపు సాగింది, నోరు తెరవబోయింది. "అమ్మా, వద్దు!" అని కొడుకు, "అత్తగారూ, వద్దండీ!" అని కోడలు ఒక్కసారే అరిచారు. నేను మైకు తీగ పీకి నా చేతికి చుట్టుకున్నాను. అదే ఊపులో కంప్యూటర్ డబ్బా మీద మీట నొక్కి, మరిది అప్పటికే లోపల పెట్టి ఉంచిన ఫార్మాట్ సీడీ బయటికి రాగానే తీసి నా సంచిలో పడేశాను.

"వదినా, ఇది నా వృత్తి," అన్నాడు, నవ్వు ఆపేసి.

"ఇది నా కేసు. ఇంకో సీడీ బయటికి తీశావంటే దాన్ని కూడా లోపలేస్తాను. మరిదిగారూ, కొంచెం జరగండి."

పెద్దావిడని కూర్చోబెట్టి, ఎప్పుడూ ఎలా తెరుస్తుందో అలాగే తెరవమన్నాను. నీలం తెర మీద మూడు పేర్లు వచ్చాయి: బావ, అత్త, నేను.

"ఈ నేను ఎవరు?"

"నేనేనండీ," అంది కోడలు. "పెళ్ళయి వచ్చాక నాది నేనే పెట్టుకున్నాను. మిగతా రెండూ అత్తగారి మేనల్లుడు పెట్టినవి. ఈ కంప్యూటర్ బిగించింది ఆయనే. ఆయనకి వీరు అత్త, మా ఆయన బావ కదండీ."

పెద్దావిడ ఎడమచేత్తో కీబోర్డుకి చాటు పెట్టి, కుడిచేత్తో పాస్‌వర్డు కొట్టింది. చాలాసేపు సున్నా తిరిగింది. బోసి డెస్క్‌టాప్ వచ్చింది. కింద మూల చిన్న డబ్బాలో ఏదో ఇంగ్లిష్‌లో వెలిగింది. పెద్దావిడ చెయ్యి చటుక్కున దాని మీదికి వెళ్ళి, ఇంటూ గుర్తు నొక్కి మూసేసింది.

"అదేమిటి మూసేశారు?"

"ఆ మూల రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుందండీ," అన్నాడు కొడుకు. "అది కొను, ఇది ఎక్కించు అని. మా ఇంట్లో ఎవరూ చదవం. చూడగానే మూసేస్తాం."

"నువ్వు చదివావా?" అని మరిదిని అడిగాను.

"చదవడమెందుకు వదినా? అది వచ్చిందంటే ఫార్మాట్ కొట్టాలని అర్థం."

నలుగురు మనుషులు, నాలుగు జతల కళ్ళు, ఒక్కరూ చదవలేదు! కంప్యూటర్‌లోంచి బయటికొచ్చి మళ్ళీ పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్ళమన్నాను. ఈసారి ఆ డబ్బా మెరవగానే పెద్దావిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తెలుగులో పైకి చదివాను: "మీ ప్రొఫైల్ దొరకలేదు. ప్రస్తుతానికి మీకు తాత్కాలికమైనది ఇచ్చాం. ఇందులో మీరు దాచుకున్నవన్నీ బయటికి వెళ్ళగానే చెరిగిపోతాయి."

పెద్దావిడ చెయ్యి వదిలేశాను.

"అమ్మగారూ, బుధవారం మీరు మాట్లాడి దాచినది మీ సొంత గదిలో కాదు, లాడ్జి గదిలో. మీరు కంప్యూటర్ ఆపగానే లాడ్జి వాడొచ్చి ఊడ్చేశాడు. తాళం వేసిన గదిలోకి ఎవరూ రాలేదు. రెండో దొంగతనం అసలు జరగనే లేదు."

పెద్దావిడ పలక అందుకుంది. "‘మరి మొదటిది?’ అంటున్నారండీ," అంది కోడలు.

"మొదటిదానికే వస్తున్నాను. మరిదిగారూ, ఈ కంప్యూటర్ లోపలి డిస్కు ఎంత నిండి ఉందో చూపిస్తారా?"

మరిది అయిష్టంగానే చూపించాడు. డిస్కు గుర్తు పక్కన ఉన్న గీత చివరిదాకా ఎర్రగా ఉంది. ఊపిరాడనంత నిండి ఉంది.

"దొంగలు పడ్డ ఇల్లు ఇలా కిక్కిరిసి ఉంటుందా? సామాను ఎవరైనా ఎత్తుకుపోతే గదులు ఖాళీ అవ్వాలి కదా. సామాను ఇంట్లోనే ఉంది. నువ్వు ఫార్మాట్ కొట్టుంటే ఉన్న సామానుకి నిప్పు పెట్టినట్టయ్యేది."

"అంత నిండి ఉండడానికి సినిమాలు కూడా కారణం కావచ్చు వదినా," అన్నాడు మరిది, పట్టు వదలకుండా. కొడుకు ఎందుకో నేల చూపులు చూశాడు.

"సరే, మనుషుల గదులన్నీ ఉండే చోటు చూపించు."

మరిది గొణుక్కుంటూ రెండుసార్లు నొక్కాడు. వరసగా పసుపుపచ్చ ఫోల్డర్లు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కటీ చదివాను. బావ. నేను. అందరిదీ ఒకటి. లాడ్జి గది ఒకటి. ఇంకొకటి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నాకు నవ్వు ఆగలేదు.

మొదటి నీలం తెర తలుపు అనుకుంటే, ఆ తలుపు మీద ఉన్న పేరు అత్త. ఇక్కడ లోపల గది మీద ఉన్న పేరు అత్తగారు.

"ఈ ఇంట్లో ఈవిడని ‘అత్తగారు’ అని పిలిచేది ఎవరు?" అని అడిగాను, ఎవరి వైపూ చూడకుండా.

కొడుకు భార్య వైపు చూశాడు. మరిది భార్య వైపు... అంటే, ఆ కొడుకు భార్య వైపు చూశాడు. పెద్దావిడ అయితే కళ్ళతోనే కాల్చేసేలా చూసింది. కోడలు నాలుక కరుచుకుంది.

"నేనేనండీ," అంది. "కానీ నేనేమీ చెరపలేదండీ! ఒట్టు! మంగళవారం మా అమ్మకి ఫోటోలు వేసిస్తుంటే, ఈ పేర్లన్నీ తెర మీద కనిపించాయి. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివి, ‘అత్త ఏమిటే అత్త? నీ ఈడుదా ఆవిడ? నేను నేర్పిన మర్యాద ఇదేనా? ఎవరైనా చూస్తే నన్ను కదా అనేది’ అని నిలబెట్టి కడిగేసింది. పెట్టింది నేను కాదే, వాళ్ళ మేనల్లుడే అన్నా వినలేదు. నాకు సిగ్గేసింది. అందుకని... చివర గారు చేర్చాను. అంతేనండీ. ఇంకేం ముట్టుకోలేదు."

"మీ ఆయనది బావ అనే ఉంచేశావే? ఆయనకి గారు అక్కర్లేదా?"

"ఆయనకెందుకండీ?" అంది నిజంగానే ఆశ్చర్యపోతూ.

కొడుకు ఇంకో అంగుళం తగ్గాడు.

నేను మరిది వైపు తిరిగాను. అతని ముఖంలో ఏదో మార్పు వచ్చింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను, ఇతనికి ఆలోచన వచ్చినప్పుడు చెవులు ఎర్రబడతాయి. "వదినా, దీని లోపల ఒక చీటీ ఉంటుంది. అత్త అనే మనిషి అత్త అనే గదిలో ఉంటుందని. ఆ గది కోసం వెళ్తే అక్కడ ఆ పేరుతో గది లేదు. అత్తగారు అనే గది ఉంది. మనుషులకైతే తెలుస్తుంది, దీనికి మర్యాద తెలీదు కదా! ఇది వేరే ఎవరిదోలే అనుకుని, ఆవిడని తీసుకెళ్ళి లాడ్జిలో దింపింది."

"ఇంతకుముందే ఇది ఎందుకు తట్టలేదు?"

"ఫార్మాట్‌కి చెయ్యి చాలు వదినా. దీనికి మెదడు పెట్టాలి."

మొదటిసారి నా మరిది మీద కాస్త అభిమానం కలిగింది. పైకి చూపించలేదు.

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి, కోడలి పేరు మీద లోపలికి వెళ్ళాం. పాస్‌వర్డు కొట్టేటప్పుడు అందరినీ గోడ వైపు తిరగమంది, తిరిగాం. పేరు సరిదిద్దడానికి ఫోల్డర్ మీద నొక్కింది. నీలం చార పడింది. వెనక్కి చెరిపే మీట మీద వేలు పెట్టింది. అంతే, ఆ వేలు కిందికి దిగనని మొండికేసింది.

"నొక్కమ్మా," అన్నాను. "గారు తీసేస్తే చాలు."

"నా చేత్తో నేను తీయలేనండీ. అత్తగారు ఇక్కడే నిలబడి చూస్తుంటే, ఆవిడ గారు నేనెలా తీసేస్తాను?"

"అయ్యో రామా! అది కంప్యూటరే, పెళ్ళిపీటలు కాదు. కారొచ్చేస్తుంది!"

"మీరేమన్నా అనండి, నావల్ల కాదు."

"నేను తీస్తా లెండి," అని కొడుకు చెయ్యి చాపాడు. పెద్దావిడ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. కోడలిని కుర్చీలోంచి లేపి, తాను కూర్చుని, తన గారును తానే ఒక్కో అక్షరం చెరిపేసుకుంది. ఎంటర్ మీట మీద చరిచింది చూడండి, బల్ల మీది పూలకుండీ అదిరింది.

తర్వాతిది మరిది వంతు. చీటీలన్నీ ఉండే లోపలి పెట్టె తెరిచాడు. అత్త పేరు మీద రెండు చీటీలున్నాయి. లాడ్జికి పంపినప్పుడు కంప్యూటర్ అసలు చీటీకి ఒక తోక తగిలించి పక్కన పడేసి, దాని చోట దొంగచీటీ పెట్టుకుందట. దొంగచీటీ తీసేశాడు, అసలుదాని తోక కత్తిరించాడు. ఒక్క మాట వాగకుండా చేశాడు. నేను వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు కూడా చేయకపోవడం నాకు కొంచెం నిరాశగానే అనిపించింది.

కంప్యూటర్ మళ్ళీ మొదలైంది. ఆ ముసలిది లేచి కూర్చునేలోపు కోడలు మా అందరికీ కాఫీ పెట్టి తెచ్చింది, తాగేశాం, గ్లాసులు తోమేసి కూడా వచ్చింది. పెద్దావిడ పాస్‌వర్డు కొట్టింది. సున్నా తిరిగింది, తిరిగింది... మూల ఏ డబ్బా రాలేదు. తెర నిండా ఒక బొమ్మ పరుచుకుంది. బోసినవ్వు నవ్వుతూ, నురగ నిండిన టబ్బులో, ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చున్న ఏడాది పిల్లాడు.

"అమ్మా! ఇదా పెట్టుకున్నావు?" అని కొడుకు తెరకి అడ్డంగా నిలబడబోయాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ టబ్బు పక్కనే ‘నా మాటలు’ అన్న ఫోల్డర్ ఉంది. పెద్దావిడ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది.

తెరిచాం. లోపల ఇంకా ఫోల్డర్లు: పొద్దున. వంటింట్లో. చుట్టాలొస్తే. అబ్బాయి. కోడలు.

సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని మరిది ‘పొద్దున’లో మొదటిది నొక్కాడు. స్పీకర్లోంచి ఇల్లెగిరిపోయే గొంతు: "ఇంకా లేవలేదా? సూర్యుడు నెత్తి మీదికొచ్చాడు! ఎన్నిసార్లు లేపాలి నిన్ను?"

కొడుకు ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డాడు. మరిది కూడా కాళ్ళు దగ్గరికి పెట్టుకున్నాడు. ఇంకోటి నొక్కితే, "లైటార్పు! ఆ ఫ్యానార్పు! కరెంటు మీ మామ ఇస్తున్నాడా?" ఇంకోటి, "తడికాళ్ళతో రాకని చెప్పానా లేదా?"

ఆవిడ దాచుకున్నవి కథలూ కావు, పాటలూ కావు. తిట్లు! ఇల్లు నడవడానికి రోజూ కావలసిన తిట్లన్నీ, వేళకొకటి చొప్పున, వరసగా పేర్చి పెట్టుకుంది. బలపం నెమ్మదిగా కదిలింది.

"‘రేపట్నించి నాకు మాట రాకపోతే, ఈ ఇంటికి చెప్పేదెవరు? ఇది నొక్కితే నేనున్నట్టే కదా’ అంటున్నారండీ అత్తగారు," అని చదివింది కోడలు. చదివి, తన పేరున్న ఫోల్డర్ వైపు భయంభయంగా చూసింది. "నాది తెరవకండి. ఏం తిట్టారో ఏమిటో. తర్వాత నేనొక్కదాన్నే వింటాను."

కానీ పెద్దావిడే మౌస్ లాక్కుని తెరిచింది. తలుపు గడియ. వాళ్ళమ్మ వస్తే. జ్వరమొస్తే. ఆఫీసులో ఎవరైనా ఏమైనా అంటే. అలిగినప్పుడు. ఆవిడ చివరిదాని మీద నొక్కింది.

గొంతు ఈసారి చిన్నగా వచ్చింది. "ఏమే అమ్మాయ్... ఆ గిన్నెలు ఇక చాల్లే, అరిగిపోతాయి. వచ్చి తిను. నేనన్నది తప్పే. మొహం మీద ఒప్పుకోను గానీ, తప్పే. ఖాళీ కడుపుతో పడుకోకు. లే."

ఆ అమ్మాయి అక్కడే నేల మీద కూలబడి, అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుని బావురుమంది. పెద్దావిడ ఆ తల నిమురుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. కేసు అయిపోయిందనుకున్నాను.

టక్.

కంప్యూటర్ డబ్బాలోంచి వచ్చింది ఆ చప్పుడు. కాసేపాగి మళ్ళీ టక్. మరిది చెయ్యి డబ్బా మీద పెట్టి చూశాడు. రంగు మారిపోయింది మనిషికి.

"వదినా, డిస్కు పోతోంది," అన్నాడు మెల్లగా. "ఇది నేను ఎప్పుడూ అనే మాట కాదు. నిజంగానే పోతోంది. ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు. ఆగితే మళ్ళీ లేవదు."

పెన్‌డ్రైవ్ కోసం కొడుకు సొరుగులన్నీ కిందపడేశాడు. కోడలు కళ్ళు తుడుచుకుని తన సంచిలోంచి ఇంకోటి తీసిచ్చింది. బయట కారు హారన్ వినబడింది.

"అన్నీ ఒకేసారి లాగితే అసలుకే మోసం," అన్నాడు మరిది. "ఒక్కోటే తీస్తాను. ఎన్ని వస్తాయో చెప్పలేను. ఏది ముందు?"

అందరం పెద్దావిడ వైపు చూశాం. కొడుకు ఒక అడుగు ముందుకేశాడు. ఒక్కగానొక్క కొడుకు కదా, అడగాల్సిన పనేముంది అన్నట్టు. టక్, టక్ అంది డిస్కు. పెద్దావిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వేలు చాపి తెర మీద ‘కోడలు’ అన్నచోట ఆనించింది.

ఆకుపచ్చ గీత పాకడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు పడుతుందంది, ఐదు గంటలంది, మళ్ళీ నలభై సెకన్లంది. కోడలు పెన్‌డ్రైవ్ ఊడిపోతుందేమోనని వేలితో నొక్కిపట్టి కూర్చుంది. మరిది పెదవులు కదులుతున్నాయి. జన్మలో మొదటిసారి ఒక పాత డిస్కు బతకాలని మొక్కుకుంటున్నట్టున్నాడు. గీత చివరికంటా వెళ్ళింది.

"వచ్చేసింది! ఇప్పుడు అబ్బాయిది," అని నొక్కాడు.

గీత గోరంత కదిలింది. డిస్కు పళ్ళు నూరినట్టు ఒక చప్పుడు చేసింది. తెరంతా నీలమైపోయి, తెల్లటి అక్షరాలు నిండి, నల్లగా ఆరిపోయింది. మరిది మీట నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. లేవలేదు.

హారన్ రెండోసారి మోగింది. కొడుకు ఆ నల్లటి తెర వైపే చూస్తున్నాడు. అంత పొడుగు మనిషి గొంతు టబ్బులో పిల్లాడి గొంతులా వచ్చింది. "నాది ఒక్కటి కూడా రాలేదా అమ్మా?"

పెద్దావిడ లేచి శాలువా సర్దుకుంది. పలక మీద రాసి కోడలి చేతికిచ్చి, వెనక్కి తిరగకుండా కారు వైపు నడిచింది.

కోడలు చదివి, మొగుడికి వినిపించింది. "‘వాడికి నేను తిరిగొచ్చాక నా నోటితోనే చెప్తాను.’"